సర్కారు ముద్ర పడిన బ్లాకు టికెట్టు

బ్లాకులో టికెట్లమ్మేవాళ్లంటే మా మేనేజరుకు ఒళ్లు మంట. వరంగల్లో ఒక సినిమా హాలులో నేను బుకింగ్ గుమాస్తాగా చేరినప్పుడు ఆయన చెప్పిన మాట ఒకటే. "ఆ కంతలకెల్లి టికెట్టే బయటికి పోవాలె బిడ్డా, మన దోస్తానా పోవద్దు." మాట మంచిదే గానీ అంత కచ్చితంగా ఏ హాలులోనూ నడవలేదు. కొత్త సినిమా పడిన రోజు కౌంటర్ తెరిచిన కాసేపటికే హౌస్‌ఫుల్ బోర్డు వేలాడేది. బాల్కనీ టికెట్టు సైకిల్ స్టాండు పక్కన రెండింతలకు, చిరంజీవి సినిమా అయితే అయిదింతలకు దొరికేది. పోలీసు జీపు చప్పుడు వినపడితే బ్లాకోళ్లు సందుల్లో పడి ఉరికేవాళ్లు. దొరికినవాడు ఓ రాత్రి ఠాణాలో కూర్చుని, తెల్లారి మ్యాట్నీ వేళకు మళ్లీ అదే గోడ పక్కన నిలబడేవాడు.

ఇప్పుడు ఎవరూ ఉరకనక్కర్లేదు. ఆ పని సచివాలయం నుంచి మెమో రూపంలో, సంతకంతో సహా వస్తోంది. నిర్మాత దరఖాస్తు పెట్టుకుంటాడు, హోంశాఖ సరేనంటుంది. విడుదలకు ముందురోజు రాత్రి ఆటకు ఇంత, ఆ తర్వాత పది రోజులు ఇంత. టికెట్లు చింపుతూ, చిల్లర లెక్కపెడుతూ బతికినవాణ్ని కనుక నేను దీన్ని దాని అసలు పేరుతోనే పిలుస్తాను. ఇది బ్లాకు. కాకపోతే సర్కారు ముద్ర ఉంది.

నిజానికి పాత బ్లాకు కన్నా ఇది ఘోరం. ఆ రోజుల్లో ఓపిక ఉన్నవాడికి ఒక దారి ఉండేది. పొద్దున్నే వచ్చి క్యూలో నిలబడి, నాలుగు దెబ్బలు తిని, చొక్కా గుండీ ఒకటి పోగొట్టుకుంటే అసలు రేటుకే టికెట్టు చేతికొచ్చేది. ఎక్కువ డబ్బు పెట్టేవాడు బద్ధకానికి పెట్టేవాడు. ఇప్పుడు క్యూలో నిలబడ్డా, ఫోన్లో నొక్కినా, మేనేజరు మీకు మేనమామ అయినా రేటు అదే. బయట ఉన్న బ్లాకోడు లోపలికొచ్చి నా కుర్చీలోనే కూర్చున్నాడు.

రేటుకు చట్టం లేదా అంటే, ఉంది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వమే జీవో 120 తెచ్చింది. సింగిల్ స్క్రీన్ ఏసీ హాలులో గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 250, పన్నులు అదనం. దేశంలో చాలాచోట్ల కన్నా ఇది తక్కువేం కాదు. అప్పట్లో సినిమావాళ్లు సంతోషంగానే దండం పెట్టారు. ఆ గరిష్ఠాన్ని పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా కనిష్ఠం చేసుకోవచ్చని మాత్రం ఆ రోజు మనకెవరూ చెప్పలేదు.

'పుష్ప 2' సంగతి తీసుకోండి. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ ఆటకు, ఉన్న రేటు మీద 800 రూపాయలు పెంచుకోవచ్చన్నారు. మల్టీప్లెక్సులో టికెట్టు వెయ్యి దాటింది. ఎర్రచందనాన్ని ఎక్కువ రేటుకు అమ్ముకునేవాడి కథను ఎక్కువ రేటుకే చూపించారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. అదే రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కేసులో డిసెంబరు 13న సినిమా హీరో అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చినా ఆ రాత్రి జైల్లోనే గడిచి, 14న పొద్దున బయటికొచ్చాడు. 21న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో నిలబడి, తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ టికెట్ల రేట్ల పెంపూ ఉండవని చెప్పారు. టీవీ ముందు కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను. ఇంట్లోవాళ్లు వింతగా చూశారు.

మూడు వారాలు తిరగలేదు. జనవరి 8న 'గేమ్ ఛేంజర్' కోసం మెమో వచ్చింది. పెంచిన రేట్లు, తెల్లవారుజామున ఆట, అన్నీ ఉన్నాయి. హైకోర్టు ఇదేమిటని అడిగాక సర్కారు వెనక్కి తగ్గింది. అవినీతిపరులను ఏరిపారేసే నిజాయితీ గల అధికారి కథ అది. సర్కారును టికెట్టు మాట మీద నిలబెట్టడానికి ఆ అధికారి కూడా పనికిరాలేదు. అదే సంక్రాంతికి అదే నిర్మాత దిల్ రాజు, భార్యకు భయపడే మొగుడి కథతో 'సంక్రాంతికి వస్తున్నాం' తీసి, పెద్ద సినిమాలో పోయిన పరువునూ పైసలనూ ఆ చిన్న సినిమాతో కాపాడుకున్నాడు. వరంగల్లో ఆడవాళ్లు బస్సుల్లో వచ్చి చూసిన సినిమా అది. కథ ఉంటే కదా లోపాలు వెతకడానికి అని ఒక మిత్రుడన్నాడు. ఉన్న కథలతో మనమేం బాగుపడ్డామని నేనన్నాను.

ఇక అల్లు అర్జున్ జైలు నుంచి బయటికొచ్చిన సరిగ్గా ఆరు నెలలకు, 2025 జూన్ 14న, హైటెక్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ గద్దర్ అవార్డుల సభ. 'పుష్ప 2'కు ఉత్తమ నటుడు అల్లు అర్జున్. అవార్డు ఇచ్చింది ముఖ్యమంత్రే. హీరో అనుమతి అడిగి మరీ అదే వేదిక మీద ఆ సినిమా డైలాగు చెప్పాడు. డిసెంబరు 14న జైలు గేటు, జూన్ 14న అవార్డు వేదిక. అరెస్టు తప్పా, అవార్డు తప్పా అన్న పంచాయితీలోకి నేను వెళ్లను. రెండూ ఒకే సర్కారు చేసిందని మాత్రం గుర్తు చేస్తున్నాను. సినిమావాళ్లతో సర్కారు కొట్లాట ఇంటర్వెల్ దాకే ఉంటుంది.

ఆ తర్వాత అడ్డూ అదుపూ లేదు. జులైలో 'హరిహర వీరమల్లు' ప్రీమియర్‌కు 600 రూపాయలు, పన్ను వేరే. అయిదేళ్లు తీసిన సినిమాలో గుర్రం ఒకవైపు పోతుంటే హీరో ఇంకోవైపు పోతున్నట్టుంది. ఆ గ్రాఫిక్సుకు 600 ఎక్కువే. సెప్టెంబరు 24 రాత్రి 'ఓజీ'కి 800. అందులో పవన్ కల్యాణ్ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ తమన్ సంగీతం లేచి నిలబడుతుంది, కథ మాత్రం కూర్చునే ఉంటుంది. ఈ రేట్ల మీద ఒక ప్రేక్షకుడు హైకోర్టుకు వెళ్లాడు. సింగిల్ జడ్జి మెమోను ఆపారు. డివిజన్ బెంచి ఆ ఆపడాన్ని ఆపింది. ఈలోగా సినిమా ఎలాగూ ఆడేసింది. అన్నిటికన్నా నాకు మండింది వేరే. కోర్టుకెళ్లిన ఆ మనిషికి నైజాంలో ఏ హాలులోనైనా 100 రూపాయల రాయితీ ఇస్తామని చిత్ర నిర్మాణ సంస్థ సోషల్ మీడియాలో వెటకారం చేసింది. న్యాయం అడిగిన ప్రేక్షకుడంటే వాళ్లకు అంత ఎగతాళి. ఆడియో ఫంక్షన్లలో ప్రేక్షక దేవుళ్లు అని మొక్కేది కూడా వీళ్లే.

ఆ 800లో సర్కారు వాటా ఎంతో ఎవరూ చెప్పరు గనుక నేనే లెక్క కట్టాను. వంద దాటిన టికెట్టు మీద జీఎస్టీ 18 శాతం. పన్నుతో కలిపి 800 అయితే అందులో 122 రూపాయలు పన్నే. కేంద్రం సగం, రాష్ట్రం సగం. బ్లాకోడు పోలీసుకు ఇచ్చిన మామూలు ఇంతకన్నా తక్కువే ఉండేది. రేటు పెంచితే ఖజానాకు కూడా లాభమే అయినప్పుడు, పెంచవద్దని ఎవరు ఎందుకంటారు?

ఈ పెంపుకు ఇప్పుడు పుణ్యం కూడా అంటించారు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం కూలీ పెంచమని సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. అక్టోబరులో ఆ కార్మికుల సభలోనే ముఖ్యమంత్రి, ఇకమీదట టికెట్టు రేటు పెంచితే అందులో 20 శాతం కార్మికులకు ఇవ్వాల్సిందేనన్నారు. వినడానికి బాగుంది. లైట్ బాయ్‌కు, సెట్టు వడ్రంగికి నాలుగు పైసలు దక్కితే నాకు సంతోషమే. కానీ ఆ డబ్బు హీరో పారితోషికంలోంచి ఎందుకు రాదు? హన్మకొండలో అడ్డా మీద నిలబడే కూలీ జేబులోంచి తీసి కృష్ణానగర్ సినిమా కూలీకి ఇవ్వడమేనా న్యాయం? ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మా కులం సంగతి. సినీ కార్మికులంటే లెక్కేసే ఆ 24 క్రాఫ్టుల్లో హాలులో పనిచేసేవాళ్లు లేరు. గేటు దగ్గర టికెట్టు చింపేవాడు, టార్చిలైటు పట్టుకుని సీటు చూపించేవాడు, ఆట అయ్యాక పాప్‌కార్న్ ఊడ్చే అవ్వ, వీళ్లు సినిమా కార్మికులు కారట. అభిమాని కోపంతో కుర్చీ విరగ్గొడితే జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం వీళ్లే.

సినిమావాళ్లు చెప్పే సాకు ఒకటుంది. బడ్జెట్లు పెరిగాయి, మొదటి మూడు రోజుల్లో రాకపోతే ఇక రాదు అని. అందులో సగం నిజం. మా కాలంలో ఒక ఊరికి ఒక ప్రింటు వచ్చేది. రీళ్ల డబ్బాలు రైలు దిగేవి. బాగుంటే యాభై రోజులు, ఇంకా బాగుంటే వంద రోజులు ఆడేది. డబ్బు మెల్లగా వచ్చేది, మెల్లగా వచ్చినా వచ్చేది. ఇప్పుడు వరంగల్లో సగానికి పైగా తెరల మీద ఒకే రోజు ఒకే సినిమా. నాలుగు వారాలకు ఓటీటీలో. ఇంట్లో కూర్చుంటే నెలకు వచ్చేదాన్ని ముందే చూడటానికి తొందరపడే జనం ఎవరు? కుర్రవాళ్లు, అభిమానులు. వాళ్ల తొందరే సరుకు. ఆ తొందరకే రేటు. కథ మీద నమ్మకమున్న నిర్మాత పదో రోజు వచ్చేవాడి కోసం కూడా చూస్తాడు. నమ్మకం లేనివాడు నిజం బయటికి పొక్కేలోగా గల్లా నింపుకోవాలనుకుంటాడు. ముందురోజు రాత్రి ఆటకు ఎక్కువ రేటు పెట్టడమంటే, సినిమా ఎట్లుందో ఎవరూ చెప్పకముందే అమ్మేయడం.

మిగతా సగం అబద్ధం. హాలు యజమానికి ఈ పెంపులో దక్కేది చాలా తక్కువ. ఇక్కడ చాలా హాళ్లు రెంటు మీద నడుస్తాయి. సినిమా ఆడినా ఆడకపోయినా వారానికి ఇంత అని అద్దె. మల్టీప్లెక్సులకు మాత్రం వసూళ్లలో పర్సెంటేజీ. మాకూ పర్సెంటేజీ ఇవ్వండి, లేకుంటే 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు అన్నారు. అంతే, ఇది 'వీరమల్లు'ను ఆపే కుట్ర అన్నారు, హాళ్లను గుప్పిట్లో పెట్టుకున్న ఆ నలుగురి పని అన్నారు, ఆ నలుగురిలో నేను లేనని నిర్మాత అల్లు అరవింద్ ప్రెస్‌మీట్ పెట్టారు. నాలుగు రోజులు టీవీల్లో ఎవరా నలుగురు అనే ఆట నడిచింది. హాలువాడి బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అంతకు ముందు ఏడాది, 2024 మే నెలలో, ఆడించడానికి సినిమాల్లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకోవాల్సి వచ్చింది. నేను పనిచేసిన హాలు ఆ గొడవ దాకా కూడా బతకలేదు. ఇప్పుడది ఫంక్షన్ హాలు. హన్మకొండలో అలంకార్ అంటే ఎప్పుడో బస్టాపు పేరైపోయింది. మా ఊళ్లో కొత్త తరానికి సినిమా హాళ్లు అట్లా గుర్తుంటాయి.

నేను ఒక్క వైపే మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 2021లో ఆంధ్రలో జగన్ సర్కారు జీవో 35 తెచ్చి, పల్లెటూరి నాన్ ఏసీ హాలులో కింది క్లాసు టికెట్టు 5 రూపాయలన్నది. అదీ తప్పే. అయిదు రూపాయలకు కరెంటు బిల్లు కూడా రాదు. హాలు కన్నా పక్కనున్న కిరాణా కొట్టు కౌంటరే ఎక్కువుందని అప్పట్లో హీరో నాని అన్నాడు. మంత్రులు ఆయన్ని తిట్టారు. నేను మాత్రం ఆయన పక్షమే. న్యాయమైన రేటుండాలి, అది అందరికీ ఒకటే ఉండాలి, శుక్రవారానికీ సోమవారానికీ మారకూడదు. ఇంతే నేనడిగేది.

ఆ నాని 'శ్యామ్ సింగరాయ్' వేడుక 2021 డిసెంబరులోనే మా రంగలీల మైదానంలో జరిగింది. వరంగల్ అంటే సినిమావాళ్లకు ఈలలు దొరికే ఊరు. కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఎన్ఐటీ ఉంది, వీధికో కాలేజీ ఉంది. ఒక్క బ్యానరు కడితే మైదానం నిండుతుంది. స్టేజీ ఎక్కినవాళ్లు మైకు పట్టుకోగానే ఓరుగల్లు అంటారు, రుద్రమదేవి అంటారు, భద్రకాళి అమ్మవారికి దండం పెడతారు, ఒక ముక్క తెలంగాణ యాస వదులుతారు, దిగిపోతారు. 2022 ఆగస్టులో 'లైగర్' వాళ్లొచ్చారు. ఆ సినిమా ఎట్లా బోల్తా పడిందో మీకు తెలుసు. 2023 జనవరి 28న హన్మకొండ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ మైదానంలో 'వాల్తేరు వీరయ్య' విజయోత్సవం. తోపులాటలో కొందరికి దెబ్బలు తగిలాయి. సినిమా హిట్టు, సభ హిట్టు, మధ్యలో మావాళ్ల కాళ్లు చేతులు.

అన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది 'ఏజెంట్'. 2023 ఏప్రిల్ 23న రంగలీల మైదానంలో నాగార్జున సాక్షిగా ఆహా ఓహో అన్నారు. 28న సినిమా వచ్చింది. మే 1న నిర్మాత అనిల్ సుంకర ట్విట్టర్లో తప్పు ఒప్పుకున్నారు. పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండానే షూటింగు మొదలెట్టామని. సినిమా పోయాక ఇంత సూటిగా నిజం చెప్పిన నిర్మాత నాకు ఇంకొకరు కనిపించలేదు. ఆయనంటే గౌరవమే. కానీ వారం కింద మైదానంలో ఈలలేసిన మావాళ్లకు ఆ ముక్క అక్కడే చెప్పి ఉంటే టికెట్టు డబ్బు మిగిలేది కదా. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. ప్రీ రిలీజ్ ఈవెంటు వరంగల్లో పెట్టేవాళ్లు పాసులతో పాటు బౌండు స్క్రిప్టు కూడా స్టేజీ మీద ఒక స్టూలు వేసి పెట్టండి. దూరం నుంచి అట్ట చూసినా చాలు, మేం తృప్తి పడతాం.

నిడివి గురించి కూడా ఒక మాట. మా ఆపరేటరు మంచి విమర్శకుడు. కలం లేని విమర్శకుడు. సినిమా సాగుతోందనిపిస్తే రెండో వారానికి ఒక పాట లేపేసేవాడు. జనం గోల పెడితే మర్నాడు కలిపేవాడు, పెట్టకపోతే ఆ పాట డబ్బాలోనే ఉండేది. ఇప్పుడు అంతా తారుమారు. 'పుష్ప 2' మూడు గంటల ఇరవై నిమిషాలు. అది చాలలేదని 2025 జనవరి 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి 'రీలోడెడ్' అన్నారు. 'గేమ్ ఛేంజర్' ఒక పాట లేకుండానే విడుదలై, తర్వాత కొద్ది రోజులకు ఆ పాట వచ్చి చేరింది. ముందే కొన్నవాడికి ఆ పాట బాకీ అన్నమాట. ఎక్కువ రేటు పెట్టి తొందరగా చూసినవాడికి తక్కువ సినిమా, ఆగి మామూలు రేటుకు చూసినవాడికి ఎక్కువ సినిమా. బ్లాకోడు కూడా ఇట్లా మోసం చేయలేదు. వాడిచ్చిన టికెట్టుకు పూర్తి సినిమానే పడేది.

నిడివంటే మా ఊరి పిల్లగాడు, దర్శకుడు సందీప్ రెడ్డి వంగా గుర్తొస్తాడు. 'యానిమల్' మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ప్రకటనలు, ఇంటర్వెల్, పార్కింగులో బండి తీసుకోవడం కలిపితే అర షిఫ్టు. ఆయన 'స్పిరిట్' నుంచి దీపికా పదుకొణె 2025 మేలో తప్పుకున్నారు. రోజుకు ఎనిమిది గంటలే పనిచేస్తానని ఆమె అడిగారని పత్రికలు రాశాయి. వంగా ఎక్స్‌లో కోపంగా రాశాడు. తర్వాత 'కల్కి' రెండో భాగంలో కూడా ఆమె లేరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. పెద్ద పెద్ద మగ హీరోలు ఏళ్ల తరబడి ఎనిమిది గంటలే చేస్తున్నారు, అది మాత్రం వార్త కాలేదని ఆమె అక్టోబరులో అన్నారు. ఆ మాటకు జవాబు ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు. బాబూ సందీప్, నీ సినిమాలో ఎవరుండాలో నీ ఇష్టం. కానీ నువ్వు పుట్టింది ఆజంజాహి మిల్లు ఊళ్లో. 1934లో పెట్టిన ఆ మిల్లు సైరను విని ఈ ఊరు నిద్ర లేచింది. షిఫ్టు దిగిన కార్మికులు సైకిళ్ల మీద రెండో ఆటకు వచ్చి నా కౌంటర్ ముందు నిలబడేవాళ్లు. షిఫ్టు అయిపోయిందంటే అయిపోయిందే. పని గంటలు అడగడం పొగరు కాదని మీ నాన్నల తరానికి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

ఇంత కోపం ఉన్నవాడు ఇంకా సినిమాలెందుకు చూస్తున్నాడని మీకు అనుమానం రావచ్చు. 'బలగం' లాంటివి వస్తాయి కాబట్టి. 2023 మార్చిలో వేణు ఎల్దండి తీసిన ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి చూశారు. పంచాయతీ ఆఫీసుల ముందు చాపలేసుకుని చూశారు, మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. చివర్లో పాట పాడి అందర్నీ ఏడిపించిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మా దుగ్గొండివాళ్లు, బుడగ జంగాల కళాకారులు. సినిమా వచ్చాక మొగిలయ్యకు పేరొచ్చింది, దాంతో పాటు జబ్బూ బయటపడింది. కిడ్నీలు పోయి, డయాలసిస్‌తో ఈడ్చుకొచ్చి, 2024 డిసెంబరు 19న కన్నుమూశాడు. ఆయన పోయిన రోజుల్లోనే టీవీలన్నీ 'పుష్ప 2' వందల కోట్ల లెక్కలు చదువుతున్నాయి. 'బలగం'కు తర్వాత గద్దర్ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. ఆ సినిమాకు ఎవరూ 800 పెట్టలేదు. పెట్టి ఉంటే పల్లె కదిలేదా?

2025 సెప్టెంబరులో 'లిటిల్ హార్ట్స్' వచ్చింది. స్టారు లేడు, సెట్టు లేదు, ఇద్దరు ఎంట్రెన్సు తప్పిన పిల్లలు. కాలేజీ కుర్రాళ్లు పడి పడి నవ్వారు. వారం తర్వాత 'మిరాయ్' వాళ్లు ఇంత గ్రాఫిక్సు ఉండి కూడా రేట్లు పెంచబోమన్నారు, ఆడింది. నవంబరులో 'రాజు వెడ్స్ రాంబాయి' 99 రూపాయల టికెట్టు పెట్టింది. దాని వెనకున్న వేణు ఊడుగుల మావాడే, 'విరాటపర్వం' తీసినవాడు. సినిమా బాగా లేకుంటే అమీర్‌పేటలో బట్టలిప్పి తిరుగుతానని 'రాజు వెడ్స్ రాంబాయి' దర్శకుడు శపథం పట్టాడు. శపథం నాకు నచ్చలేదు. మా వైపు ప్రేమ కథ చెప్పడానికి బట్టలతో పనేముంది? 99 రూపాయలు నచ్చింది. అంతే కాదు, ఆ రేటుకు జీఎస్టీ కూడా 5 శాతమే. హాలులో పక్కవరసలో ఒక ముసలాయన భార్యతో, కోడలితో, ఇద్దరు పిల్లలతో వచ్చి కూర్చున్నాడు. ఆయన 'ఓజీ' చూడలేదట. "గన్ని పైసలు పెడితే మా ఇంటికి పదిహేను దినాల కూరగాయలొస్తయ్ సారూ" అన్నాడు. మల్టీప్లెక్సు గరిష్ఠం పన్నుతో కలిపి 295, 'ఓజీ'కి దాని మీద పెంచిన 150, అయిదుగురికి మొత్తం 2,225 రూపాయలు. కూరగాయల లెక్క సరిపోయింది.

పైరసీ సైటు ఐబొమ్మ నడిపినవాణ్ని అదే నవంబరులో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. దొంగతనం దొంగతనమే, హాలు మనిషిగా నేను దాన్ని సమర్థించను. పైరసీ క్యాసెట్ల కాలం నుంచీ మా పొట్ట కొట్టింది అదే. కానీ ఆ రోజుల్లో సోషల్ మీడియా నిండా వాణ్ని రాబిన్‌హుడ్ అని పొగిడిన జనాన్ని చూశారా? వాళ్లంతా దొంగలు కాదు. ప్రెస్‌మీట్ పెట్టి దొంగను తిట్టిన నిర్మాతలు, హీరోలు, దొంగకు జనం ఎందుకు చప్పట్లు కొట్టారో ఒక్కరూ అడగలేదు. అడిగితే జవాబులో 800 అనే అంకె వస్తుందని తెలుసు.

డిసెంబరులో 'అఖండ 2' కథ మళ్లీ అదే. 5న రావాల్సిన సినిమా మద్రాసు హైకోర్టులో పాత బాకీ పంచాయితీ వల్ల ఆగింది. త్రిశూలంతో సైన్యాలనే ఆపే అఘోరా, ఫైనాన్సు కాగితం ముందు వారం రోజులు నిలబడిపోయాడు. 12న వచ్చింది. ముందురోజు ప్రీమియర్‌కు 600. మళ్లీ మెమో, మళ్లీ హైకోర్టు, మళ్లీ మెమో రద్దు మాట, మళ్లీ ఆటలు నడిచిపోవడం. రీలు అరిగిపోయేదాకా తిప్పిన సినిమా ఇది. మాకు కంఠతా వచ్చేసింది.

కాబట్టి సర్కారుకు నా విన్నపం సాఫీగా చెబుతాను. జీవో 120 ఉంది, దాన్ని అమలు చేయండి. పెంచాలనే ఉంటే ఆ జీవోనే మార్చి, 'పుష్ప'కూ 'బలగం'కూ ఒకే రేటని అసెంబ్లీలో చెప్పండి. సినిమాకొక మెమో ఇవ్వడం ఆపండి. కార్మికుల వాటా హీరోల పారితోషికంలోంచి తీయండి, హాలు ఊడ్చే అవ్వను కూడా ఆ లెక్కలో కలపండి. సినిమావాళ్లకు చెప్పేదేం లేదు, వాళ్లు వినరు.

చదివే మీకు మాత్రం ఒక మాట. ఈ పెంపు మామూలుగా పది రోజులే ఉంటుంది. పదకొండో రోజు పోండి. సినిమా బాగుంటే అప్పటికీ ఆడుతూనే ఉంటుంది, బాగా లేకుంటే మీకు రూపాయి ఖర్చు లేకుండా ఆ సంగతి తెలిసిపోతుంది.